మూస్‌లు ఎందుకు చచ్చిపోతున్నాయి? ఆ ప్రశ్న ఎవరు అడిగారు?

ఇవాళ ఒక లెక్కతో మొదలుపెడదాం.

2006లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న అడవుల్లో మూస్‌లు సుమారు 8,840 ఉన్నాయని అంచనా. 2013లో మళ్ళీ లెక్కేస్తే వచ్చిన నంబర్ 2,760. ఏడేళ్ళు. పదిలో ఏడు మాయం. వేటగాళ్ళు చంపేశారా అంటే, కాదు. అడవి నరికేశారా అంటే, అదీ కాదు. ఎక్కడికైనా వలస పోయాయా అంటే, పోలేదు. ఉన్నచోటే చచ్చిపోయాయి.

మరి ఎందుకు చచ్చిపోయాయి? ఇది తేల్చే పనిని కొన్ని వందల మంది ఉండే ఒక చిన్న ఊరు భుజాన వేసుకుంది. యూనివర్సిటీ టౌన్ కాదు, రాజధాని కాదు. ఓజిబ్వే అనే మూలవాసుల ఊరు. పేరు గ్రాండ్ పోర్టేజ్. ఈ ఎపిసోడ్ వాళ్ళ గురించి.

ముందు మూస్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జింకల కుటుంబంలో అన్నిటికంటే పెద్దది. మన నల్లమలలో కనిపించే కణుజు తెలుసు కదా, దాన్ని ఊహించుకోండి, ఇప్పుడు సైజు దాదాపు రెండింతలు చేయండి. పొడవాటి కాళ్ళు, వేలాడే మూతి, మగదానికి చేటల్లా వెడల్పైన కొమ్ములు. బాగా పెరిగిన మగ మూస్ 450 కిలోలు దాటుతుంది. చలికే పుట్టిన జంతువు, ఎండంటే పడదు. 1980ల్లో కెనడాలో చేసిన ఒక అధ్యయనం ప్రకారం ఎండాకాలంలో 14 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన ఏసీ రిమోట్‌లో కూడా 16 కంటే కిందకి ఉండదు, గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట. ఇంగ్లీష్‌లో మూస్ అనే పదమే మూలవాసుల భాషల నుంచి వచ్చింది. ఓజిబ్వే భాషలో దాన్ని మూజ్ అంటారు. అంటే జంతువుకి పేరు పెట్టింది కూడా వాళ్ళే.

సరే, ఇప్పుడు చోటు చూద్దాం. మిన్నియాపోలిస్‌లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆకులు రంగు మారే సీజన్‌లో డులూత్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డునే హైవే 61 మీద ఫ్యామిలీలతో డ్రైవ్ చేస్తుంటారు. ఆ రోడ్డు మీద ఆగకుండా కెనడా సరిహద్దు దాకా వెళ్ళిపోతే, అమెరికా అయిపోయే ముందు తగిలే చివరి ఊరు గ్రాండ్ పోర్టేజ్. ఓజిబ్వేలో దాని పేరుకి అర్థం, పడవలు మోసుకెళ్ళే పెద్ద దారి. పక్కనే ఉన్న పిజన్ నదిలో జలపాతాలు ఎక్కువ, పడవ నడవదు. అందుకని దాదాపు 14 కిలోమీటర్లు పడవలూ సరుకులూ భుజాన పెట్టుకుని నడిచేవాళ్ళు. ఆ దారి పేరే ఊరి పేరు.

ఈ ఊరు ఉన్నది గ్రాండ్ పోర్టేజ్ రిజర్వేషన్‌లో. రిజర్వేషన్ అనగానే మనకి కాలేజీ సీట్లు, ఉద్యోగాలు గుర్తొస్తాయి. అక్కడ అర్థం వేరు. ఒక తెగ తన కోసం ఉంచుకున్న భూమి అది. వాళ్ళకి వాళ్ళ కౌన్సిల్ ఉంటుంది, వాళ్ళ చట్టాలుంటాయి. పెద్ద ఓజిబ్వే సమాజంలో ఇలాంటి ఒక్కో పాలక సమూహాన్ని బ్యాండ్ అంటారు. ఇకమీదట నేను బ్యాండ్ అంటే పాటలు పాడే బ్యాండ్ కాదు, ఇది.

కథకి పునాది ఇక్కడుంది. 1854 సెప్టెంబర్ 30న లా పాయింట్ అనే చోట ఓజిబ్వే నాయకులకీ అమెరికా ప్రభుత్వానికీ ఒక ఒప్పందం జరిగింది. దాని కింద మిన్నెసోటా ఈశాన్య మూల మొత్తం ప్రభుత్వానికి వెళ్ళిపోయింది. భూమి ఇచ్చేశారు కానీ ఆ భూమి మీద వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు, పాపం ప్రభుత్వం వాళ్ళకి వేట హక్కు ఇచ్చింది అని. ఇవ్వలేదు. అది ముందు నుంచీ వాళ్ళదే. మీరు ఊళ్ళో ఇల్లు అమ్ముతూ, పెరట్లో బావి నీళ్ళు తోడుకునే హక్కు నాదే అని పత్రంలో రాయించుకున్నారనుకోండి. రేపు కొన్నవాడు వచ్చి, నేను నీకు నీళ్ళు దానం చేస్తున్నాను అంటే మీకు మండదా?

రాష్ట్రం మాత్రం ఆ హక్కుని చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. 1985లో గ్రాండ్ పోర్టేజ్ బ్యాండ్ ఫెడరల్ కోర్టుకి వెళ్ళింది. తర్వాత బోయిస్ ఫోర్ట్, ఫాండ్ డు లాక్ అనే మరో రెండు బ్యాండ్‌లు కలిశాయి. 1988లో రాష్ట్రంతో ఒప్పందం కుదిరింది. తమ వేటని తామే నియంత్రించుకోవడానికి ఒక సంస్థ కూడా వచ్చింది. ఇవాళ దాని పేరు 1854 ట్రీటీ అథారిటీ. గ్రాండ్ పోర్టేజ్, బోయిస్ ఫోర్ట్ తరఫున అది పనిచేస్తుంది. ఫాండ్ డు లాక్ తన పని తానే చూసుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. వేటాడే హక్కు కాగితం మీద గెలిచారు. కానీ అడవిలో మూసే లేకపోతే? ఆ హక్కుతో ఏం చేసుకుంటారు? మూస్ వాళ్ళకి టూరిస్ట్ ఫోటో కాదు, తిండి. చలికాలానికి ఇంట్లో దాచుకునే మాంసం, పిల్లలకి నేర్పే విద్య, పంచుకుని తినే అలవాటు. అందుకే, మూస్‌లు ఎందుకు తగ్గుతున్నాయి అనేది వాళ్ళకి ఒక రీసెర్చ్ టాపిక్ మాత్రమే కాదు.

బ్యాండ్ ఏం చేసిందంటే, తన సొంత బయాలజీ విభాగాన్నే రంగంలోకి దింపింది. ఏళ్ళ తరబడి ఆ విభాగాన్ని నడిపిన బయాలజిస్ట్ పేరు సెత్ మూర్. ఇక్కడ ఒకటి గమనించండి. ఉద్యోగం ఇచ్చింది బ్యాండ్. ఏది తేల్చాలో చెప్పింది బ్యాండ్. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా లాంటి చోట్ల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి కలిశారు, కానీ వచ్చింది బ్యాండ్ అడిగిన ప్రశ్న మీద పనిచేయడానికి.

2010 ప్రాంతం నుంచే రిజర్వేషన్‌లో మూస్‌లకి జీపీఎస్ కాలర్లు పెట్టడం మొదలైంది. పద్ధతి ఎలా ఉంటుందంటే, శీతాకాలంలో హెలికాప్టర్ నుంచి మత్తు సూది కొడతారు. అది పడుకున్నాక మెడకి కాలర్ వేస్తారు, రక్తం తీస్తారు, ఒంటి మీద పురుగులు చూస్తారు, ఆడదైతే కడుపుతో ఉందేమో పరీక్షిస్తారు. తర్వాత లేపి వదిలేస్తారు. అక్కడి నుంచి కాలర్ లొకేషన్ పంపుతూనే ఉంటుంది. కొన్ని గంటలు అసలు కదలిక లేకపోతే, అయిపోయింది అని అలర్ట్ వస్తుంది.

ఆ అలర్ట్ దగ్గరే అసలు పరుగు. అడవిలో శవం ఎక్కువసేపు ఆగదు. తోడేళ్ళు, ఎలుగుబంట్లు, కాకులు వచ్చేస్తాయి. రెండు రోజులు లేటైతే, తోడేలు చంపిందా, చచ్చాక తోడేలు తిన్నదా తేల్చడం కష్టం. కోడ్ రాసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. సర్వర్ పడిపోయిన వెంటనే లాగ్స్ తీయాలి. రీస్టార్ట్ చేశాక వెతికితే ఏముంటుంది? అందుకే అలర్ట్ రాగానే మంచులో నడుచుకుంటూ వెళ్ళి శవాన్ని పట్టుకుని, మెదడు, కాలేయం లాంటివి ల్యాబ్‌కి పంపుతారు. రాష్ట్ర సహజవనరుల శాఖ, దాన్ని డీఎన్ఆర్ అంటారు, అది కూడా 2013లో ఇలాంటి కాలర్ల స్టడీ మొదలుపెట్టింది.

ఏం తేలింది? ఒకే విలన్ లేడు. గ్యాంగ్ ఉంది.

మొదటిది బ్రెయిన్‌వార్మ్, మెదడు పురుగు. ఇది నిజానికి తెల్లతోక జింకలో ఉండే పురుగు. జింకకి ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంది. దాని పేడలో పురుగు పిల్లలు బయటకొస్తాయి. వాటిని నత్తలు ఎక్కించుకుంటాయి. మూస్ ఆకులు మేస్తూ ఆకుతోపాటు చిన్న నత్తని కూడా మింగేస్తుంది. పురుగు వెన్నుపాము మీదుగా మెదడుకి చేరుతుంది. ఇక ఆ మూస్ తూలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, మనిషి కనిపించినా పారిపోదు.

రెండోది వింటర్ టిక్. మన ఊళ్ళలో గేదెలకి పట్టే పిడుదులు ఉంటాయి కదా, ఆ జాతి. ఒక్క మూస్ మీద పదుల వేలల్లో పట్టేస్తాయి. చలికాలమంతా రక్తం తాగుతాయి. దురద భరించలేక మూస్ చెట్లకి రుద్దుకుని రుద్దుకుని బొచ్చంతా ఊడగొట్టుకుంటుంది, గడ్డకట్టే చలిలో ఒళ్ళు తెల్లగా బయటపడుతుంది. వసంతంలో పిడుదులు కింద రాలేసరికి మంచు ఉంటే చస్తాయి. మంచు ముందే కరిగిపోయి నేల కనిపిస్తే బతికి మళ్ళీ గుడ్లు పెడతాయి. అంటే చలికాలం ఎంత తొందరగా అయిపోతే పిడుదులకి అంత పండగ.

వీటితోపాటు కాలేయంలో చేరే పురుగులు, పుట్టిన కొన్ని వారాల్లోనే దూడల్ని ఎత్తుకుపోయే తోడేళ్ళు, ఎలుగుబంట్లు. డీఎన్ఆర్ స్టడీలో చనిపోయిన పెద్ద మూస్‌లలో దాదాపు మూడింట రెండు వంతులు జబ్బులు, పురుగుల వల్లే పోయాయి. మిగతా వంతు తోడేళ్ళ ఖాతా. అందులో కూడా కొన్ని అప్పటికే జబ్బుపడి ఉన్నవే.

వీటి వెనక ఉన్న పెద్ద కారణం ఇప్పుడు కనిపిస్తుంది కదా? చలికాలాలు మెత్తబడితే తెల్లతోక జింకలు ఉత్తరానికి పాకుతాయి. లోతు మంచులో అవి బతకలేవు, మంచు తగ్గితే బతుకుతాయి. జింక వస్తే దానితో పురుగు వస్తుంది. ఇదేదో సిద్ధాంతం అనుకోకండి. ఇదే రాష్ట్రం వాయవ్య భాగంలో 1980ల్లో 4,000 దాకా మూస్‌లు ఉండేవి. 2000ల చివరికి వంద కూడా లేవు. అంటే గ్రాండ్ పోర్టేజ్ వాళ్ళు పక్కింట్లో సినిమా క్లైమాక్స్ చూసేశారు. తమ ఇంట్లో అదే సినిమా మొదలైందని వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు 2015కి వద్దాం. కాలర్లు పెట్టే క్రమంలో కొన్ని మూస్‌లు చనిపోయాయి. దూడలకి కాలర్ వేస్తే కొన్నిచోట్ల తల్లులు వాటిని వదిలేసి వెళ్ళిపోయాయి. జనంలో గొడవైంది. తగ్గిపోతున్న జంతువుని కాపాడతామని మీరే చంపుతారా అని. ఆ ఏప్రిల్‌లో గవర్నర్ మార్క్ డేటన్, డీఎన్ఆర్ ఇక మూస్‌లకి కాలర్లు వేయకూడదని ఆర్డర్ ఇచ్చారు. ఆయన భయం అర్థంలేనిది కాదు. బతికున్న ప్రతి మూస్ విలువైనదే.

కానీ ఆ ఆర్డర్ రిజర్వేషన్ గీత దగ్గర ఆగిపోయింది. గ్రాండ్ పోర్టేజ్ తన భూమి మీద తన నిర్ణయం తాను తీసుకునే పాలక సమూహం, గవర్నర్ కింద ఆఫీస్ కాదు. వాళ్ళ స్టడీ కొనసాగింది. నా దృష్టిలో ఈ కథలో ఇదే ముఖ్యమైన మలుపు. బ్యాండ్ ఆ రీసెర్చ్‌లో సలహాదారు పాత్రలో ఉండి ఉంటే, రాష్ట్రం ఆపగానే వాళ్ళదీ ఆగిపోయేది. వాళ్ళ కాలర్లు, వాళ్ళ మనుషులు, వాళ్ళ డేటా, వాళ్ళ అధికారం. అందుకే డేటా తెగిపోలేదు. రాజకీయాల్లో నాలుగేళ్ళకోసారి గాలి మారుతుంది. మూస్ గురించి తెలుసుకోవాలంటే ఒకే అడవిని పదిహేనేళ్ళు వదలకుండా చూడాలి. అంత ఓపిక, ఆ జంతువు పోతే తాము ఎక్కడికీ పోలేనివాళ్ళకే ఉంటుంది.

ఆ ఓపిక ఏం ఇచ్చిందో చూడండి. ఇక్కడ ట్విస్ట్ తోడేళ్ళది. తోడేళ్ళు దూడల్ని తింటాయి కాబట్టి తోడేళ్ళు తగ్గితే మూస్‌లు పెరుగుతాయి అని ఎవరైనా అనుకుంటారు. బ్యాండ్ దగ్గర మూస్‌లకే కాదు, తెల్లతోక జింకలకీ, తోడేళ్ళకీ కూడా కాలర్లు ఉన్నాయి. మూడిటి కదలికల్నీ ఒకే మ్యాప్ మీద పెట్టి చూశారు. యూనివర్సిటీ వాళ్ళతో కలిసి రాసిన పేపర్ 2021లో సైన్స్ అడ్వాన్సెస్ జర్నల్‌లో వచ్చింది. అందులో చెప్పింది ఇది. వసంతంలో జింకలు, మూస్‌లు చోటు మారేటప్పుడు పురుగు అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. కానీ తోడేళ్ళు తిరిగే చోట జింకలూ మూస్‌లూ వేరు వేరు జాగాలకి సర్దుకుంటాయి. రెండూ ఒకేచోట మేయకపోతే పురుగు అంటుకునే అవకాశం తగ్గుతుంది. అంటే తోడేలు ఒక చేత్తో దూడని తీసుకుంటుంది, ఇంకో చేత్తో రోగానికి అడ్డంగా గోడ కడుతుంది. మూస్‌కి మాత్రమే కాలర్ వేసి ఉంటే ఈ సంగతి కనిపించేదే కాదు.

తోడేళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. గ్రాండ్ పోర్టేజ్‌కి ఎదురుగా, సరస్సులో ఐల్ రాయల్ అనే ద్వీపం ఉంది, అదొక నేషనల్ పార్క్. ఓజిబ్వేలు దాన్ని మినాంగ్ అంటారు, అది వాళ్ళ పూర్వీకుల నేల. 2018 నాటికి అక్కడ సమస్య తిరగేసి ఉండేది. తోడేళ్ళు రెండే మిగిలాయి, మూస్‌లు 1,500 దాకా పెరిగి అడవిని మేసేస్తుండేవి. 2018 సెప్టెంబర్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ కొత్త తోడేళ్ళని తీసుకెళ్ళడం మొదలుపెట్టినప్పుడు, మొదట వెళ్ళినవి గ్రాండ్ పోర్టేజ్ రిజర్వేషన్ తోడేళ్ళే. బ్యాండ్ ఒప్పుకుని, పనిలో తానూ కలిసింది. వాటిలో ఒక ఆడ తోడేలు ఏం చేసిందో తెలుసా? 2019 జనవరి చివర్లో సరస్సు గడ్డకట్టగానే, మంచు మీద నడుచుకుంటూ ఒడ్డుకి వచ్చేసింది. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ నచ్చలేదన్నమాట.

సరే, ఇప్పుడు కష్టమైన ప్రశ్న. 2013లో రాష్ట్రం మూస్ వేటని ఆపేసింది. బ్యాండ్‌లు కూడా తమ వేటని తగ్గించుకున్నాయి, ఆపుకున్నాయి. తర్వాత 2016లో కొన్ని బ్యాండ్‌లు పరిమిత సంఖ్యలో, మగ మూస్‌లని మాత్రమే వేటాడటం మళ్ళీ మొదలుపెట్టాయి. బయట చాలామందికి ఇది నచ్చలేదు. మాకు లేని వేట వాళ్ళకెందుకు అని.

రెండు విషయాలు చెప్తాను. ఒకటి, జంతువుల సంఖ్య పెరగడం ఆడవాటి మీద, బతికే దూడల మీద ఆధారపడుతుంది. కొద్దిపాటి మగవాటిని తీస్తే మొత్తం లెక్క మారదు. ఇక్కడ మూస్‌లని కూల్చింది వేట కాదని ఇందాకే చూశాం. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఒక తరం మొత్తం వేటకి వెళ్ళకపోతే, ఆ అడవిలో మూస్ ఎక్కడ పడుకుంటుందో, ఏ నెలలో ఏ చిత్తడి నేలకి దిగుతుందో తెలిసినవాళ్ళు ఉండరు. ఆ విద్యని పుస్తకంలో దాచలేం. పంట మానేస్తే నాలుగేళ్ళకి విత్తనం పోతుంది, ఇదీ అంతే. అయితే, హక్కు ఉంది కదా అని కళ్ళు మూసుకుని వేటాడటం లేదు వాళ్ళు. తమ లెక్కలు తామే చూసుకుని, తమ పరిమితి తామే పెట్టుకుంటున్నారు.

పంచుకున్న బాధ్యత అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ లెక్కల పనే మంచి ఉదాహరణ. జనవరిలో, మంచు మీద మూస్ నల్లగా కనిపించే టైమ్‌లో, హెలికాప్టర్ సర్వే చేస్తారు. డీఎన్ఆర్, ఫాండ్ డు లాక్ బ్యాండ్, 1854 ట్రీటీ అథారిటీ కలిసి చేసే పని ఇది. అడవి మొత్తం తిరగలేరు కాబట్టి కొన్ని ప్లాట్లు ఎంచుకుని చూస్తారు. చెట్ల కింద ఉన్నవి పై నుంచి కనిపించవు, దానికో దిద్దుబాటు లెక్క ఉంటుంది. ఒకే టేబుల్ మీద ఒకే నంబర్. ఒకప్పుడు కోర్టులో కొట్లాడుకున్న వాళ్ళు ఇవాళ ఒకే లెక్కని నమ్ముతున్నారు. ఆ నంబర్ 2014 నుంచి 2022 దాకా దాదాపు 3,000కీ 4,700కీ మధ్య ఊగింది. పడిపోవడం ఆగింది. 2006 నాటి స్థాయికి మాత్రం చేరలేదు. సంబరపడే టైమ్ ఇంకా రాలేదు.

చివరిగా ఒక మాట. అడవి గురించి ఎక్కడ వార్త చదివినా, స్థానిక ప్రజల్ని సంప్రదించాం అనే వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసి చూడండి. ప్రశ్న ఎవరు వేశారు? డేటా ఎవరి దగ్గర ఉంది? వద్దు అని గానీ, ఆపం అని గానీ చెప్పే అధికారం ఎవరికి ఉంది? మూడిటికీ జవాబు బయటివాళ్ళే అయితే, స్థానికులు అక్కడ దారి చూపించే గైడ్లు మాత్రమే. గ్రాండ్ పోర్టేజ్‌లో మూడిటికీ జవాబు ఆ ఊరే. వాళ్ళు ఎవరినీ బయట నిలబెట్టలేదు. యూనివర్సిటీని పిలిచారు, పార్క్ సర్వీస్‌తో పనిచేశారు. పక్క బ్యాండ్‌లైతే రాష్ట్రంతో కలిసి హెలికాప్టర్ ఎక్కుతున్నాయి. పగ్గం చేతిలో ఉన్నవాడికే పంచుకోవడం కుదురుతుంది.

ఈసారి హైవే 61 మీద వెళ్ళే మనవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇంకాస్త ముందుకి, గ్రాండ్ పోర్టేజ్ దాకా వెళ్ళండి. మూస్ కనిపించకపోవచ్చు. కనిపిస్తే మాత్రం కారు పక్కకి ఆపి, దిగకుండా, దూరం నుంచే చూడండి. దాని మెడకి కాలర్ ఉంటే, అది ఎవరు పెట్టారో మీకిప్పుడు తెలుసు.

ఈ వారానికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.